కాళ్లూ చేతులూ ఆడుతున్నంత వరకే

‘కాళ్లూ చేతులూ ఆడుతుండగానే పోవాలె.’ రామంతాపూర్‌లో ఏ గల్లీలోనైనా, సాయంత్రం పూట గేటు ముందు కుర్చీలేసుకుని కూర్చున్న పెద్దవాళ్ల దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట వినపడుతుంది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లయితే ‘పోవాలమ్మా’ అంటారు, నల్లగొండ, వరంగల్ వైపు వాళ్లయితే ‘పోవాలె బిడ్డా’ అంటారు. యాస వేరైనా కోరిక ఒకటే. మంచాన పడకూడదు, ఎవరితోనూ చేయించుకోకూడదు, రాత్రి పడుకున్న మనిషి తెల్లారి లేవకూడదు.

ఆ కోరికను తప్పు పట్టే వయసు కాదు నాది. నా పేచీ వాళ్లతో కాదు, వాళ్ల కథలు మనకు చెప్పేవాళ్లతో. తెలుగు సినిమా, చాలా మట్టుకు తెలుగు కథ కూడా, ఈ కోరికను దేవుడికంటే ఉదారంగా తీర్చేస్తున్నాయి. మన తెర మీద ముసలివాళ్లు బ్రహ్మాండంగా తిరుగుతారు. తింటారు, తిడతారు, జోకులేస్తారు, మనవడికి బుద్ధి చెబుతారు. ఆ తర్వాత ఒక్కసారిగా పోతారు. తిరగడానికీ పోవడానికీ మధ్య ఒక కాలం ఉంటుంది కదా. మోకాళ్లు మాట వినని, చెవి సరిగా వినపడని, బాత్రూముకి ఎవరో ఒకరు తోడు రావలసిన కాలం. అది రెండేళ్లు కావచ్చు, పన్నెండేళ్లు కావచ్చు. కథలో మాత్రం ఆ కాలం ఉండదు. ఎడిటింగ్ టేబుల్ దాకా కూడా రాదు, అసలు రాసుకున్నప్పుడే ఉండదు. ఆ లేని కాలం గురించే ఈ వ్యాసం.

ముందు ఒక చిన్న పనిముట్టు. 1963లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో సిడ్నీ కాట్జ్ అనే డాక్టరు, తన సహచరులతో కలిసి ఒక జాబితా ప్రచురించాడు. పెద్ద వయసు మనిషి తన రోజును తానే నడుపుకోగలడా, సాయం కావాలా అని తేల్చడానికి ఆరు పనులు. స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లి రావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తన చేత్తో తాను తినడం. 1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో ఎనిమిది చేర్చారు. ఫోను వాడటం, కొట్టుకెళ్లి సరుకులు తెచ్చుకోవడం, వంట, ఇల్లు సర్దుకోవడం, బట్టలుతుక్కోవడం, ఒకచోటి నుంచి ఇంకోచోటికి ప్రయాణం, మందులు వేళకు వేసుకోవడం, డబ్బు లెక్కలు చూసుకోవడం. వృద్ధుల వైద్యంలో ఇవాళ్టికీ వాడుతున్న జాబితాలివి. మొత్తం పద్నాలుగు పనులు.

సాహిత్య విమర్శకు డాక్టరు జాబితా ఏంటని అడగొచ్చు. మొరటు పనిముట్టే. కానీ మొరటు పనిముట్టుతో ఒక లాభం ఉంది, సెంటిమెంటు దాని కంట్లో పడదు. ‘వృద్ధుల సమస్య’ మీద తీశారు, రాశారు అని మనం మెచ్చుకునే ప్రతిదాన్నీ ఈ పద్నాలుగు ప్రశ్నలు అడిగి చూడండి. ఈయనకు స్నానం ఎవరు చేయిస్తున్నారు? ఈమె గోలీలు ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారు? చాలాసార్లు జవాబు రాదు, ఎందుకంటే కథ అక్కడిదాకా వెళ్లనే వెళ్లదు.

ఈ వరసలో పాతది ‘బడిపంతులు’. 1972లో వచ్చింది, ఎన్టీఆర్, అంజలీదేవి జంట. దానికి మూలం బి.ఆర్.పంతులు 1958లో కన్నడంలో తీసిన ‘స్కూల్ మాస్టర్’. రిటైరైన మాస్టారినీ ఆయన భార్యనీ కొడుకులు చెరొకరూ పంచుకుంటారు. కడుపున పుట్టినవాళ్లు చేయని పని పాత శిష్యుడు చేస్తాడు. హిందీలో 2003లో వచ్చిన ‘బాగ్‌బాన్’ది కూడా ఇదే పద్ధతి, అక్కడ ఆదుకునేది పెంచుకున్న కొడుకు. నిజానికి హాలీవుడ్‌లో లియో మెక్‌క్యారీ 1937లోనే ఇలాంటి కథ చెప్పాడు, ‘మేక్ వే ఫర్ టుమారో’ అని. ఇల్లు బ్యాంకు పాలైన ముసలి జంటను పిల్లలు తలో చోట ఉంచుతారు. తేడా ఎక్కడంటే, ఆయన సినిమాలో ఏ శిష్యుడూ రాడు. చివర్లో రైల్వే స్టేషన్లో ఇద్దరూ విడిపోతారు, అంతే. ప్రేక్షకుడు కన్నీళ్లతో పాటు ఒక ప్రశ్న కూడా ఇంటికి మోసుకెళ్లాలి.

మన దగ్గర ఆ ప్రశ్న హాల్లోనే తీరిపోతుంది. ఎందుకంటే మన సినిమా దీన్ని కోర్టు కేసుగా నడుపుతుంది. ముద్దాయిలు కొడుకులు, కోడళ్లు. సాక్షులు ఊరివాళ్లు. జడ్జి ప్రేక్షకుడు. చివర్లో తీర్పు వస్తుంది, దుర్మార్గుడు తలదించుకుంటాడు, మనం ‘నేను అలాంటివాణ్ణి కాదు’ అనుకుంటూ లేచి వస్తాం. ఎవరు చూసుకోవాలి అన్నది మాత్రమే అక్కడ ప్రశ్న. ఎలా చూసుకోవాలి అన్నది ఎవరూ అడగరు. మంచి కొడుకు దొరికిన మర్నాడు పొద్దున ఏం జరుగుతుందో ఏ సినిమా చూపించదు. మంచి కొడుక్కి మాత్రం పడిపోయిన తండ్రిని నడుం పట్టేయకుండా లేపడం ఎలాగో పుట్టుకతో తెలుస్తుందా?

2017లో వచ్చిన ‘శతమానం భవతి’ ఇంకాస్త మెత్తగా అదే కోర్టు. దూర దేశాల్లో స్థిరపడ్డ పిల్లల్ని రప్పించడానికి తండ్రి విడాకుల అబద్ధం ఆడతాడు. సంక్రాంతికి ఇల్లు నిండుతుంది. జాతీయ అవార్డు కూడా వచ్చిన సినిమా, పండక్కి ఇప్పటికీ టీవీలో వస్తుంది, చూడబుద్ధేస్తుంది. కానీ సంక్రాంతి మూడు రోజులు. మాఘమాసంలో ఆ తల్లిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది ఎవరు? ‘మీరొస్తే చాలురా’ అన్నది ప్రేమే, కాదనను. రావడం మాత్రం పద్నాలుగు పనుల్లో ఒకటి కాదు.

2019 నాటి ‘ఓ బేబీ’ అయితే అసలు చిక్కే లేకుండా చేసింది. ముసలితనంతో ఏం చేయాలో తెలియక దాన్నే తీసేసింది. కొరియన్ సినిమా ‘మిస్ గ్రానీ’కి రీమేక్ అది. సరదా సినిమా, నాకూ నచ్చింది. కాకపోతే డెబ్బై ఏళ్ల మనిషికి మనం ఇవ్వగలిగిన బహుమతి ఇరవై నాలుగేళ్ల ఒళ్లు మాత్రమేనా అన్న సందేహం మిగిలిపోయింది.

ఇక ‘మిథునం’. ఈ పేరెత్తగానే వెనక్కి తగ్గాల్సిందే. శ్రీరమణ కథ చదవని తెలుగు పాఠకులు తక్కువ. బాపు ముచ్చటపడి మొత్తం కథను తన దస్తూరీతో రాసిపెట్టారు. ఎం.టి.వాసుదేవన్ నాయర్ 2000లో మలయాళంలో ‘ఒరు చెరు పుంచిరి’గా తీశారు. 2012లో తనికెళ్ల భరణి తెలుగులో తీసినప్పుడు తెర మీద ఇద్దరే ఇద్దరు, ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. అప్పదాసు, బుచ్చిలక్ష్మి.

ఈ జంట పద్నాలుగుకి పద్నాలుగు మార్కులు కొట్టేస్తుంది. పెరడు, ఆవు, పచ్చళ్లు, పాలకూర. ఒళ్లు అరిగే పని, అరిగిన ఒంటికి కమ్మటి తిండి. మనం ఈ కథను దాంపత్యపు పరిమళంగా చదువుకుంటాం, తప్పేం లేదు. అయితే కథ చివర్లో బుచ్చిలక్ష్మి మాట్లాడే మాటలున్నాయి చూడండి. పుణ్యస్త్రీగా పోవాలని ప్రతి ఆడదీ కోరుకోవాలని నేర్పిన సమాజంలో ఆవిడ తలకిందుల కోరిక కోరుతుంది. తానే ముందు పోతే ఆయన్ని అలా కనిపెట్టుకునేవాళ్లు ఉండరు గనుక, ఆయనే ముందు వెళ్లాలని కోరుకున్నానంటుంది. దీన్ని ప్రేమకు పరాకాష్ఠ అని దాదాపు అందరూ రాశారు.

నాకు అందులో ప్రేమతో పాటు ఒక లెక్క వినపడుతుంది. అన్నేళ్లు ఇంకొకరి ఆకలినీ నిద్రనీ చిరాకునీ మోసిన మనిషి, ఆ పని ఇంకెవరికీ అప్పగించలేనని తేల్చుకుని వేసిన లెక్క. పిల్లలున్నారు, కానీ ఆవిడ లెక్కలో వాళ్లు లేరు. ఊరుంది, అదీ లేదు. ప్రభుత్వం సంగతి సరేసరి. ఒక మనిషిని చూసుకోవడం అనే బాధ్యత పూర్తిగా ఇంకొక్క మనిషి మీదే ఉన్నప్పుడు, ఆ ఒక్క మనిషీ చివరికి చావు వరసను కూడా తానే ఏర్పాటు చేసుకోవాలి. తెలుగులో వృద్ధాప్యపు పని గురించి ఇంత కటువైన మాట నేను ఇంకెక్కడా చదవలేదు. శ్రీరమణ ఆ మాట రాశారు. మనం దాన్ని ఆవకాయ ఘాటులో కలిపేసుకుని తిన్నాం. బుచ్చిలక్ష్మి కోరిక నెరవేరిన తర్వాత బుచ్చిలక్ష్మిని ఎవరు చూస్తారు? ఆ ప్రశ్నను కథ మన చేతిలో పెట్టి వెళ్లిపోతే, చేయి దులుపుకున్నది మనం.

సరిగ్గా అదే 2012లో మైకేల్ హానెకె ‘అమూర్’ వచ్చింది. కేన్స్‌లో పామ్ డోర్ గెలిచింది. ఇక్కడా ఒక ఇల్లు, ఒక ముసలి జంట, తలుపుల అవతల పిల్లలు. భార్యకు పక్షవాతం వస్తుంది. మళ్లీ ఆస్పత్రికి పంపనని భర్త చేత మాట తీసుకుంటుంది. అక్కణ్నుంచి సినిమా అంతా ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎన్ని పనులు చేయాలో చూపిస్తుంది. లేపడం, కూర్చోబెట్టడం, తుడవడం, నీళ్లు తాగించడం. కూతురు వస్తుంది, ఏడుస్తుంది, వెళ్తుంది. ఆమె దిగులును పట్టించుకునే తీరిక తనకు లేదని తండ్రి మొహం మీదే చెబుతాడు. జుట్టు దువ్వడంలో మొరటుగా ఉందని ఒక నర్సును పని మాన్పించేస్తాడు. అంత పెద్ద ప్రేమకథలో జుట్టు దువ్వడానికి ఒక సీను. ముగింపు మాత్రం భరించలేం, ఆ చేతులే ఆమె ఊపిరి ఆపేస్తాయి. మనవాళ్లు ‘అమూర్’ తీయాలని నా ఉద్దేశం కాదు. అయితే అక్కడ భర్త చేసిందీ, ఇక్కడ బుచ్చిలక్ష్మి కోరుకున్నదీ ఒకే గోడకు తల కొట్టుకోవడమే. ఇద్దరూ ఒంటరిగా మోశారు.

‘బలగం’ దగ్గరికి వద్దాం. 2023 మార్చిలో వేణు యెల్దండి తీసిన ఈ సినిమాను ఊళ్లల్లో తెరలు కట్టుకుని చూశారు, చూసి విడిపోయిన అన్నదమ్ములు కలిశారని వార్తలొచ్చాయి. కొమురయ్య తాత ఊరంతా తిరుగుతూ, అందరినీ పలకరిస్తూ, మంచాన పడకుండానే పోతాడు. సినిమా అసలు కథ ఆ తర్వాతే మొదలు. మూడో రోజు, ఐదో రోజు, పదకొండో రోజు. పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఎందుకు ముట్టడం లేదని ఇల్లూ ఊరూ తల్లడిల్లుతుంది.

సినిమా గొప్పదే. తెలంగాణ పల్లె చావును అంత దగ్గరగా చూపించింది ఇంకొకటి లేదు. కానీ నాకు ఒక చిన్న ముల్లు గుచ్చుకుంది. తాతకు ఏం ఇష్టమో కాకికి పెట్టేటప్పుడు అందరూ గుర్తు చేసుకుంటారు. బతికున్నన్నాళ్లూ ఆయన కంచంలోకి ఏం వచ్చేదో, ఎవరు పెట్టేవారో మనకు తెలిసింది తక్కువ. ఈ సినిమాలో మనసులు కలవడానికి తాత చావాల్సి వచ్చింది. అంతకంటే ముందు, తాత మంచాన పడి ఉంటే? ఆ కుటుంబం పదకొండు రోజులు కాదు, పదకొండు నెలలు ఒకచోట కూర్చుని వంతులు వేసుకోవాల్సి వచ్చేది. నల్లిబొక్క దగ్గర తెగిన సంబంధాలు ఆ వంతుల దగ్గర ఏమయ్యేవి? అదింకా కష్టమైన సినిమా. ఆ సినిమా చివర్లో గుండెలు పిండే పాట పాడిన బుడగ జంగాల కళాకారుడు మొగిలయ్య కిడ్నీ జబ్బుతో కొన్నాళ్లు అవస్థపడి 2024 డిసెంబరులో కన్నుమూశారు. తెర మీద చావు పదకొండు రోజుల్లో కొలిక్కి వస్తుంది. డయాలసిస్ వారం వారం తిరగాలి.

మా ఇంట్లో నానమ్మ పద్నాలుగు నెలలు మంచంలో ఉంది. అంతకు ముందు చదివిన కథలూ, చూసిన సినిమాలూ ఏడవడం నేర్పాయి గానీ, మనిషిని పక్కకు తిప్పడం నేర్పలేదు. అది నేర్పింది రోజుకు పన్నెండు గంటల డ్యూటీకి వచ్చిన ఒక అక్క. దుప్పటిని నాలుగు మడతలు పెట్టి నడుం కింద పరిచి, చెరో అంచు ఇద్దరం పట్టుకుని లాగితే మనిషి నొప్పి లేకుండా తిరుగుతుందని చూపించింది. రెండు గంటలకోసారి తిప్పకపోతే వీపు మీద పుండ్లు పడతాయని ఆవిడ చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. తార్నాకలో గాలి పరుపు కిరాయికి దొరుకుతుందనీ ఆవిడే చెప్పింది. ఆ పద్నాలుగు నెలల్లో మా ఇంట్లో ఉన్న ప్రేమంతా ఆ దుప్పటి మడతల్లోంచే నడిచింది. ఆ అక్క మీద తెలుగులో ఒక మంచి నవల ఉంటే చదువుదామని వెతికాను, ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

బయట కొందరు ఈ పనిని కథలోకి తెచ్చారు. 2015లో వచ్చిన ‘పీకు’లో మలబద్ధకం ఒక పాత్ర. తండ్రి కమోడ్ కుర్చీ కారు టాపు మీదెక్కి ఢిల్లీ నుంచి కలకత్తా వెళ్తుంది. కూతురు ఆఫీసు మీటింగుల మధ్య ఆయన విరేచనం కబుర్లు వింటుంది. విసుగు కూడా ప్రేమలో భాగమేనని ఆ సినిమా ఒప్పుకుంది. చివరికి మాత్రం ‘పీకు’ కూడా లొంగిపోయింది. ఆయన సైకిలెక్కి ఊరంతా తిరిగి, కడుపునిండా తిని, నిద్రలో పోతాడు. కాళ్లూ చేతులూ ఆడుతుండగానే! హాంకాంగ్ దర్శకురాలు ఆన్ హుయి తీసిన ‘ఎ సింపుల్ లైఫ్’ ఇంకో అడుగు ముందుకేసింది. అరవై ఏళ్లు ఒక కుటుంబానికి చాకిరీ చేసిన పనిమనిషికి పక్షవాతం వస్తుంది. తాను పెంచిన కుర్రాడు నడివయసులో ఆమెను చూసుకుంటాడు. ఆశ్రమంలో చేర్పించమని అడిగేది ఆవిడే. ఆ ఆశ్రమం నరకమూ కాదు స్వర్గమూ కాదు, పలచటి చెక్క గోడల మధ్య మంచాలున్న ఒక చోటు. అక్కడ మనుషులు రోజులు గడుపుతారు. అందులో ఆమె పాత్ర వేసిన డీనీ యిప్‌కి 2011లో వెనిస్‌లో ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

తెలుగు సినిమాలో ‘వృద్ధాశ్రమం’ అనే మాట పడగానే వీణ తెగిన చప్పుడు వినిపిస్తుంది. అది చెడ్డ కొడుకు నోట్లోంచి వచ్చే మాట. తెలుగు సాహిత్యంలో ఒకరు మాత్రం ఆ మాటను మామూలు మాటగా పలికారు, పలికినట్టే బతికారు. అబ్బూరి ఛాయాదేవి. ‘తన మార్గం’ కథల పుస్తకానికి 2005లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ పేరున్న కథలో భర్త పోయిన పెద్దావిడ పిల్లల మధ్య బంతిలా తిరగకుండా తన చోటులో తానుండాలని నిర్ణయించుకుంటుంది. కోపంతో కాదు, శాపనార్థాలతో కాదు. ఆ నిర్ణయం వెనక ఉన్నది తన వేళకు తాను కాఫీ తాగాలనే చిన్న కోరికలాంటిదే, కానీ ఆ చిన్న కోరిక కోసం ఆడవాళ్లు డెబ్బై ఏళ్లు ఆగాల్సి వస్తుందని ఛాయాదేవికి తెలుసు. ఆవిడ తన చివరి ఏళ్లు కొండాపూర్‌లోని సి.ఆర్.ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో గడిపి, 2019 జూన్‌లో కన్నుమూశారు. సానుభూతి సభలు పెట్టుకునే అవకాశం మనకు ఇవ్వకుండా, తన వృద్ధాప్యాన్ని తానే ఏర్పాటు చేసుకున్న రచయిత్రి. కొడుకులను బోనెక్కించే మన సినిమా వరసకు ఎదురుగా నేను పెట్టదలచిన మనిషి ఆవిడే. ఎవరిది తప్పు అన్న ప్రశ్నను పక్కనపెట్టి, నాకేం కావాలి అని ముసలావిడ చేతే అడిగించారు.

కథల్లో లేకపోతే ఏం పోయింది, జీవితంలో జరుగుతూనే ఉంది కదా అనొచ్చు. కానీ మనం ఏది చూడటం అలవాటు చేసుకుంటామో అదే కనపడుతుంది. ఓయూ క్యాంపస్‌లో పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందు నడిచే పెద్దవాళ్లను చూడండి. తెల్ల బూట్లు, మఫ్లర్లు, రాజకీయాలు. హాస్టల్ పిల్లలు వాళ్లను దాటుకుని పరిగెడుతుంటారు. నడిచేవాళ్లు కనపడతారు. నిరుటి దాకా నడిచి ఇప్పుడు రావడం మానేసినవాళ్లు ఎవరికి కనపడతారు? వాళ్లు రామంతాపూర్‌లో, హబ్సిగూడలో, నాచారంలో, నూటయాభై గజాల్లో కట్టుకున్న ఇళ్లల్లో ఉన్నారు. ఫ్యాక్టరీల్లో, రైల్వేలో, ఆర్టీసీలో, పరిశోధనా సంస్థల్లో పనిచేసి కట్టుకున్న ఇళ్లు. తర్వాత మీద రెండంతస్తులు లేచాయి, కిరాయిలకిచ్చారు, కొన్నిచోట్ల ముసలివాళ్లే పై అంతస్తుకు చేరారు. లిఫ్టు లేదు. మెట్లకు ఒకవైపే రెయిలింగు. తార్నాక మెట్రో స్టేషనుకు లిఫ్టుంది, ఆ లిఫ్టు దాకా చేర్చే ఫుట్‌పాత్ ఎక్కడ? జాబితాలో ‘ప్రయాణం’ అన్న పదం వెనక ఇంత ఉంది.

‘డబ్బు లెక్కలు’ అన్న పదం వెనక ఇంకా ఉంది. ప్రైవేటు ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవాళ్లకు ఈపీఎస్ కింద కనీస పెన్షన్ 2014లో వెయ్యి రూపాయలని నిర్ణయించారు. తెలంగాణలో ఆసరా పింఛను 2014లో వెయ్యితో మొదలై 2019లో 2,016 అయింది. పగటిపూట ఒక మనిషిని పెట్టుకోవాలంటే ఏజెన్సీ అడిగేది వీటికి ఎన్నో రెట్లు. ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని పెన్షనర్లు రుజువు చేసుకోవాలి. అరిగిపోయిన వేళ్లను మెషీను గుర్తుపట్టదు. సీనియర్ సిటిజన్లకు రైలు టికెట్ల మీద ఉన్న రాయితీని 2020 మార్చిలో ఆపేశారు. ఇవేవీ కథా వస్తువులు కావని ఎవరన్నారు? రావిశాస్త్రి కోర్టు మెట్ల మీదే అంత సాహిత్యం తీశారు కదా. బయోమెట్రిక్ మెషీను ముందు వేలు తుడుచుకుంటున్న ముసలామె మీద ఒక్క కథ రాయలేమా?

సినిమా కోర్టుకూ అసలు చట్టానికీ కూడా చుట్టరికం ఉంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం మంచిదే. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, నెలకు పదివేలు దాటకుండా పోషణ ఇప్పించొచ్చు. చూసుకుంటామన్న షరతు మీద రాయించుకున్న ఆస్తిని, మాట తప్పితే వెనక్కి ఇప్పించొచ్చు. జిల్లాకొకటి చొప్పున నూటయాభై మందికి చాలే వృద్ధాశ్రమాలు పెట్టాలని కూడా అందులో ఉంది. కానీ ఈ చట్టం పేరెత్తగానే మనకు ఆస్తి రాయించుకుని గెంటేసిన కొడుకే గుర్తొస్తాడు, ఆశ్రమాల సెక్షన్ గుర్తురాదు. ఎందుకంటే మన కథలు మనకు నేర్పింది ఆ కొడుకునే. గెంటేయని కొడుకు సంగతేంటి? ప్రేముంది, జీతం చాలదు, నైట్ షిఫ్టు, భార్యకూ ఉద్యోగం. ఇద్దరూ ఆఫీసులకెళ్లాక తొమ్మిది నుంచి ఆరు దాకా ఇంట్లో తల్లి ఒక్కతే. ఆ కొడుకు దుర్మార్గుడు కాదు గనుక మన సినిమాకు పనికిరాడు. సాయం చేసే ఏర్పాటు లేదు గనుక చట్టానికీ అందడు. మనలో చాలామంది ఆ కొడుకులూ, ఆ కూతుళ్లూ, ఆ కోడళ్లే. మన కథ మనకే లేదు.

ఈ ఖాళీ వల్ల ఒక నష్టం జరుగుతోంది. పని చూపించని కథలు సిగ్గును పెంచుతాయి. తండ్రికి డైపర్ మార్చిన కొడుకు దాన్ని స్నేహితులకు చెప్పుకోలేడు. విసుగొచ్చిన కోడలు తాను రాక్షసినేమో అని భయపడుతుంది. సాయం అడగాల్సిన ముసలాయన అడగడమే పరువు తక్కువనుకుని, అర్ధరాత్రి చీకట్లో ఒక్కడే బాత్రూముకి వెళ్లి జారిపడతాడు. వృద్ధుల కోసం 14567 అనే హెల్ప్‌లైన్ ఉంది. ఆ నంబరుకు ఫోన్ చేయడమంటే ‘నా పిల్లలు చెడ్డవాళ్లు’ అని ఒప్పుకోవడమే అనుకుంటే ఆ ఫోను చేసేదెవరు? ఆ పరువు లెక్కలు నేర్పినవాటిలో మన కథలూ ఉన్నాయి. ‘కాళ్లూ చేతులూ ఆడుతుండగానే పోవాలె’ అన్న మాటలో చావు మీద కోరిక కన్నా, ఒకరి చేత చేయించుకోవడం మీద భయం ఎక్కువ. బిడ్డగా ఉన్నప్పుడు అందరం చేయించుకున్నదే. ఆ చేయించుకోవడంలో అవమానం లేదని చూపించగలిగేది ఉపన్యాసం కాదు, కథే.

అతుల్ గవాండే ‘బీయింగ్ మోర్టల్’లో ఒక వృద్ధుల డాక్టరు దగ్గర కూర్చుని చూసిన సంగతి రాస్తాడు. ఎన్నో జబ్బులున్న పెద్దావిడ వస్తుంది. డాక్టరు అన్నిటికంటే శ్రద్ధగా ఆమె పాదాలు చూస్తాడు. గోళ్లు ఎలా ఉన్నాయి, వేళ్ల మధ్య పుండ్లున్నాయా అని. తన పాదాలు తానే అందుకోలేని మనిషికి సాయం చేసేవాళ్లు ఇంట్లో ఉన్నారో లేదో ఆ పాదాలే చెబుతాయి, పడిపోయే ప్రమాదం ఎంతుందో కూడా చెబుతాయి.

విమర్శకులుగా, పాఠకులుగా మనం చేయగలిగింది కూడా అలాంటిదే. ఈసారి ఒక ముసలి పాత్ర కథలోకి వచ్చి మంచి మాటలు చెబుతుంటే, కాసేపు ఆ మాటలు పక్కనపెట్టి కాళ్ల వైపు చూడండి. ఆ గోళ్లు ఎవరు తీస్తున్నారో రచయితకు తెలుసా అని అడగండి. తెలిస్తే, ఆ కథలో ఇంకో మనిషి కూడా ఉంటుంది, నేలమీద కూర్చుని, ఒళ్లో పాత టవల్ పరుచుకుని, నెయిల్ కట్టర్ పట్టుకుని. ఆమెకు ఒక పేరుంటుంది, జీతముంటుంది, నడుం నొప్పి ఉంటుంది. ఆ పాదం ఇవాళ కాస్త వాచిందని మొదట గమనించేది కూడా ఆమే.